చార్లెస్ డార్విన్ – దేశాటనము, గృహజీవితము

మన పెద్దలు దేశాటనమును జ్ఞానార్జనకు ముఖ్యమైన సాధనముగా ఎంచిరి. గృహస్థాశ్రమమే తక్కిన ఆశ్రమములకు ఆధారమనియు వారే చెప్పిరి. మొదటిది మనుష్యుని గడప దాటి పొమ్మనును; రెండవది గడపలోపల నిలువుమనును. ఈ రెండును ఒక్క జీవితమున ఎట్లు పొసగునో తెలిసికొనగోరువారికి ప్రకృతిశాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ చరిత్ర మిక్కిలి ఉపకరించును. ఆయన యౌవనమున ఇంచుమించు ఐదు సంవత్సరములు ఓడపై భూగోళమును చుట్టి వచ్చెను. ఆ తరువాత నలువదియైదు సంవత్సరములకు పైగా జీవించియు మరల స్వదేశపు తీరమును దాటలేదు. జీవజాతుల పరిణామమును నిరూపించిన పండితునిగా లోకము ఆయనను ఎరుగును. ఆ సిద్ధాంతమునకు బీజములు యాత్రలో దొరకినవి. అవి మొలచి ఫలించినది మాత్రము ఒక పల్లెటూరి ఇంటిలో, పదిమంది బిడ్డల తండ్రి చదువుగదిలో.

డార్విన్ 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి రాబర్ట్ డార్విన్ పేరుమోసిన వైద్యుడు. తల్లి సుసన్నా, పింగాణి పాత్రల తయారీలో ప్రసిద్ధికెక్కిన వెడ్జ్‌వుడ్ కుటుంబపు ఆడపడుచు. ఆ తాతగారు జోసయా వెడ్జ్‌వుడ్ బానిసల వ్యాపారమును గట్టిగా ఎదిరించిన వారిలో ఒకడు. సంకెళ్లతో మోకరిల్లిన బానిస రూపమును ముద్రించి ఆయన తయారుచేయించిన పింగాణి బిళ్లలు దేశమంతట వ్యాపించి ప్రజల మనస్సులను కదలించినవి. ఇట్టి ఇంట పుట్టిన బాలునకు ఎనిమిదేండ్ల వయస్సున తల్లి మరణించెను. అక్కలే అతనిని పెంచిరి. బడిచదువు అతనికి అంతగా పట్టుబడలేదు. పురుగులను, గులకరాళ్లను, పక్షుల గ్రుడ్లను సేకరించుట యందే మనస్సు లగ్నమై ఉండెడిది.

తండ్రి అతనిని వైద్యము చదువుటకై 1825లో ఎడింబరోకు పంపెను. మత్తుమందు ఇంకను వాడుకలోనికి రాని ఆ కాలమున ఒక చిన్న బిడ్డకు జరుగుచున్న శస్త్రచికిత్సను చూడజాలక అతడు ఆ గదినుండి పారిపోయెను. ఎడింబరోలో అతనికి దొరకిన గొప్ప గురువు కళాశాలలో లేడు. దక్షిణ అమెరికాలోని గయానాలో బానిసగా ఉండి విముక్తి పొందిన జాన్ ఎడ్మన్‌స్టన్ అను నల్లజాతివాడు అచ్చట చచ్చిన పక్షుల చర్మములను చెడిపోకుండ నింపి భద్రపరచు విద్యను నేర్పుచుండెను. డార్విన్ అతనికి రుసుము చెల్లించి శిష్యుడయ్యెను. గంటలతరబడి ఆ మనుష్యునితో కూర్చుండి మాటలాడుట ఆ యువకునకు ఎంతో ప్రీతి. ఆ నేర్చిన పనియు, ఆ స్నేహమును తరువాతి కాలమున ఆయనకు సమానముగా ఉపయోగపడినవి.

వైద్యము విడిచిన కుమారుని తండ్రి మతాచార్యుని చేయదలచి కేంబ్రిడ్జికి పంపెను. అచ్చట వృక్షశాస్త్రాచార్యుడు హెన్స్లో అతని ప్రతిభను గుర్తించెను. 1831 ఆగస్టులో ఆ గురువు వ్రాసిన జాబు డార్విన్ జీవితమును మలుపు త్రిప్పెను. బీగిల్ అను ప్రభుత్వ నౌక దక్షిణ అమెరికా తీరములను కొలుచుటకు బయలుదేరుచున్నది; కెప్టెన్ ఫిట్జ్‌రాయ్‌కి తోడుగా ప్రకృతిశాస్త్రము తెలిసిన యువకుడు కావలెను; పోదువా అని ఆ జాబు సారాంశము.

తండ్రి అంగీకరింపలేదు. ఇది పిచ్చి ప్రయత్నమనియు, మతాచార్యుడు కాదలచిన వానికి తగదనియు, ఇట్లు తిరిగినవాడు మరల ఒక చోట కుదురుగా ఉండలేడనియు ఆయన భయపడెను. అయినను తలుపు పూర్తిగా మూయలేదు. వివేకవంతుడైన ఒక్క మనుష్యుడు పొమ్మని సలహా ఇచ్చినచో తాను సమ్మతింతుననెను. డార్విన్ మేనమామ జోసయా వెడ్జ్‌వుడ్ ఆ మనుష్యుడయ్యెను. ఆయన బావగారి అభ్యంతరముల నన్నింటిని ఒక్కొక్కటిగా తీసికొని, ప్రతిదానికి సమాధానము వ్రాసి పంపెను. పంపి ఊరకుండక మరునాడు మేనల్లునితో కూడ ష్రూస్‌బరీకి వచ్చెను. తండ్రి తన మాట నిలుపుకొని ఖర్చులన్నియు భరించుటకు ఒప్పుకొనెను. లోకజ్ఞానమును మార్చిన ఆ యాత్రకు అనుమతి ఒక ఇంటిలో, బావామరుదుల సంభాషణలో లభించినదని మనము గుర్తుంచుకొనవలెను.

1831 డిసెంబరు 27వ తేదీన బీగిల్ ప్లిమత్ రేవు విడిచెను. సుమారు 90 అడుగుల పొడవు గల ఆ చిన్న ఓడలో డెబ్బదిమందికి పైగా జనులు. డార్విన్‌కు వయస్సు ఇరువదిరెండు. పడుకొనుటకు, చదువుటకు, సేకరించిన వస్తువులను సర్దుకొనుటకు ఒక ఇరుకు గదిలో ఒక మూల మాత్రము దొరకెను. సముద్రపు కుదుపునకు కలుగు వాంతులు యాత్ర ముగియువరకు ఆయనను వదలలేదు. రెండేండ్లనుకొన్న యాత్ర ఇంచుమించు ఐదేండ్లు సాగెను. అందులో మూడేండ్లకు పైగా ఆయన నేలపైననే గడపి, గుఱ్ఱమెక్కియు కాలినడకనను దేశములు తిరిగెను.

1832లో బ్రెజిల్ చేరినప్పుడు అచ్చటి అడవుల శోభ ఆయనను ఆనందపరవశుని చేసెను. ఆ దేశముననే బానిసత్వమును కన్నులార చూచి కుమిలిపోయెను. ఒకనాడు కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ బానిసత్వమును సమర్థించుచు, తాను చూచిన ఒక యజమాని తన బానిసలను పిలిచి స్వేచ్ఛ కావలెనా అని అడుగగా వారందరును వలదనిరని చెప్పెను. యజమాని ఎదుట నిలిచిన బానిస చెప్పు మాటకు విలువ ఏమున్నదని డార్విన్ ప్రశ్నించెను. కెప్టెన్ మండిపడి ఇక కలిసి భోజనము చేయజాలమనెను. కొన్ని గంటలలోనే కోపము చల్లారి క్షమాపణ చెప్పి పంపెను. ఓడ విడిచి పోవలసివచ్చునేమో అన్న స్థితి వచ్చినను డార్విన్ తన మాటను వెనుకకు తీసికొనలేదు. తాతగారి పింగాణి బిళ్లపై బాల్యమున చూచినదియు, ఎడింబరోలో గురువు ప్రక్కన కూర్చుండి తెలిసికొన్నదియు ఆయన చేత ఆ ప్రశ్న వేయించెననుట సత్యదూరము కాదు.

ఆ ఓడలోనే జెమీ బటన్ అను యువకుడుండెను. అతని స్వస్థలము దక్షిణ అమెరికా కొనయందలి టియెర్రా డెల్ ఫ్యూగో అను చలిదీవులు. 1830లో ఫిట్జ్‌రాయ్ ఆ ప్రాంతమునుండి నలుగురిని ఇంగ్లండునకు తీసికొనిపోయెను. వారిలో ఒకడు అచ్చట మశూచికముతో మరణించెను. తక్కిన ముగ్గురును ఇంగ్లీషు నేర్చి, ఇప్పుడు స్వస్థలమునకు మరలుచుండిరి. జెమీ చేతులకు తొడుగులు ధరించి, బూట్లు మెరయునట్లు తుడుచుకొనుచు, ఎవరికైన వాంతులగుచున్నచో జాలిపడి పలుకరించుచు, అందరికిని ప్రీతిపాత్రుడై ఉండెను. 1833 జనవరిలో ఓడ అతని దీవికి చేరెను. తల్లియు అన్నదమ్ములును వచ్చిరి. అప్పుడు జెమీకి స్వభాష నోట రాలేదు. మూడేండ్లలో అతడు దానిని దాదాపు మరచిపోయెను. సొంత సోదరునితో ఇంగ్లీషులో మాటలాడి, అతనికి తెలియకపోగా స్పానిషులో అడుగజొచ్చెను. చూచువారికి నవ్వును జాలియు ఒక్కసారిగా కలిగినవని డార్విన్ వ్రాసికొనెను.

మరుసటి సంవత్సరము మార్చిలో ఓడ మరల ఆ తీరమునకు పోయినప్పుడు జెమీ పడవలో వచ్చెను. దేహము చిక్కి, జుట్టు చెదరి, నడుమునకు ఒక తోలుముక్క మాత్రమే ఉండెను. ఇంగ్లండునకు మరల వచ్చెదవా అని అడిగిరి. అతడు అక్కరలేదనెను. అతనికి అప్పటికే పెండ్లియై చక్కని భార్య ఉండెను. మిత్రులకు నీటికుక్కల తోళ్లను, కెప్టెనుకు తాను స్వయముగా చేసిన ఈటెమొనలను, బాణములను కానుక లిచ్చెను. ఓడ కదలిపోవుచుండగా ఒడ్డున మంట రగిల్చి వీడ్కోలు తెలిపెను. మనుష్యుని ఆచారములు, దుస్తులు, భాష కొద్దికాలముననే మారగలవనియు, లోపలి మనస్సు మాత్రము అంతట ఒక్కటే అనియు డార్విన్ ఈ సహవాసమువలన గ్రహించెను. ఆ జనుల బీదతనమును వర్ణించుచు ఆయన వాడిన మాటలు కొన్ని నేడు మనకు కటువుగా తోచును. జాతులలో ఎక్కువ తక్కువలు లెక్కించుట అను ఆ కాలపు దోషమునుండి ఆయన పూర్తిగా బయటపడలేదు. అయినను మానవులందరును ఒకే వంశవృక్షపు కొమ్మలని నిస్సంశయముగా నమ్మెను. నలువదేండ్ల తరువాత 1871లో మానవుని పుట్టుకను గురించి గ్రంథము వ్రాసినప్పుడు, ఓడలోని ఆ ఫ్యూగో వాసుల మనస్సులును, తాను ఎరిగిన ఒక నల్లజాతివాని మనస్సును మన మనస్సులను ఎంతగా పోలి ఉన్నవో జ్ఞాపకము చేసికొనెను.

యాత్రలో ఆయన కన్నులు నేలను చదువనేర్చెను. అర్జెంటీనా తీరమున భూమిలో పాతుకొనియున్న పెద్దపెద్ద జంతువుల ఎముకలను త్రవ్వి తీసెను. అవి నశించిన జాతులవి. అయినను ఆ దేశమున ఇప్పుడు బ్రతికియున్న చిన్న జంతువులకు పోలికలు గలవి. 1835 ఫిబ్రవరి 20న చిలీ దేశమున గొప్ప భూకంపము వచ్చెను. ఆ తరువాత సముద్రతీరమున నేల కొన్ని అడుగులు పైకి లేచియుండుటను ఆయన స్వయముగా చూచెను. ఆండీస్ పర్వతములపై వేలకొలది అడుగుల యెత్తున సముద్రపు గవ్వలు కనబడెను. కొద్దికొద్దిగా జరుగు మార్పు అపారమైన కాలమున పర్వతములనే లేపగలదని దీనివలన ఆయనకు విశ్వాసము కలిగెను.

1835 సెప్టెంబరులో ఓడ గలాపగోస్ దీవులకు చేరి ఐదు వారములు అచ్చట నిలిచెను. పెద్ద తాబేళ్ల డిప్పలను చూచి అది ఏ దీవిదో చెప్పవచ్చునని అచ్చటి అధికారి ఒకడు తెలిపెను. డార్విన్ మొదట ఆ మాటను అంతగా లెక్కచేయలేదు. పలు దీవులలో పట్టిన చిన్న పిట్టలను ఏ దీవివి ఏవో గుర్తుపెట్టకుండ కలిపివేసెను. ఇంగ్లండు చేరిన పిమ్మట 1837లో పక్షిశాస్త్రజ్ఞుడు జాన్ గూల్డ్ పరీక్షించి, అవి వేర్వేరు జాతులవని చెప్పగా తన పొరపాటు తెలిసికొని, ఓడలోని తక్కినవారి సేకరణలను తెప్పించుకొని సరిచూచుకొనెను. గొప్పవారును పొరపాటు చేయుదురు. దానిని దాచక దిద్దుకొనుట వారి గొప్పతనము.

1836 అక్టోబరు 2న ఓడ ఇంగ్లండు తీరము చేరెను. డార్విన్ రాత్రివేళ ఇల్లు చేరి, నిద్రించువారిని లేపక, మరునాడు ఉదయము ఫలహారపు వేళకు వారి ఎదుట ప్రత్యక్షమయ్యెను. కుమారుని చూచిన తండ్రి కూతుండ్ర వైపు తిరిగి, వీని తల ఆకారమే మారిపోయినదే అని ఆశ్చర్యపడెనట! నిజముగ మారినది తల లోపలి ఆలోచన. జాతులు మారునా, మారినచో ఎట్లు మారును అను ప్రశ్నతో ఆయన 1837లో ఒక రహస్యపు పుస్తకమును వ్రాయ మొదలిడెను. మరుసటి సంవత్సరము జవాబు తట్టెను. ఏ జీవియైనను బ్రతుకగలిగినదానికంటె ఎక్కువ సంతానమును కనును. ఆ సంతానములో ఏ రెండును సరిగా ఒకేవిధముగా ఉండవు. పరిసరములకు అనుకూలమైన భేదము గలవి ఎక్కువగా బ్రతికి, ఆ గుణమును తమ సంతతికి ఇచ్చును. ఇట్లు తరతరములకు జాతులు మారును. దీనినే ఆయన ప్రకృతివరణమనెను.

ఆ 1838లోనే ఆయన మరియొక ప్రశ్నను తనకు తాను వేసికొనెను. వివాహము చేసికొనుటయా, మానుటయా? శాస్త్రజ్ఞుని వలె కాగితమును రెండు భాగములు చేసి లాభనష్టములు వ్రాసెను. మానినచో ఎక్కడికైనను పోవచ్చును. కాలము వ్యర్థము కాదు. చేసికొన్నచో బిడ్డలు, వృద్ధాప్యమున తోడు, ఇంటిలో సంగీతము. చివరకు వివాహమే మేలని తేల్చి, 1839 జనవరి 29న ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను పెండ్లాడెను. ఆమె యాత్రకు అనుమతి సంపాదించి ఇచ్చిన ఆ మేనమామ కూతురే. మనలో మేనరికమని పిలువబడు సంబంధమే ఇది.

ఎమ్మా దైవభక్తిగల స్త్రీ. భర్త ఆలోచనలు ఎటు పోవుచున్నవో ఆమెకు తెలియును. రుజువు కానిదానిని నమ్మరాదను శాస్త్రపు అలవాటు, ఆ విధముగ రుజువు చేయరాని విషయములను గూర్చియు ఆయన మనస్సును మూసివేయునేమో అని, పరలోకమున తామిరువురును విడిపోవుదురేమో అని భయపడి, వివాహమైన కొలదికాలమునకే ఒక జాబు వ్రాసి ఆయనకిచ్చెను. డార్విన్ ఆ జాబును జీవితాంతము దాచుకొనెను. దానిని ఎన్నోమార్లు ముద్దిడి కన్నీరు కార్చితినని దాని అడుగున వ్రాసికొనెను. ఆయన తన అభిప్రాయమును మార్చుకొనలేదు. ఆమె తన విశ్వాసమును విడువలేదు. ఒకరిపై ఒకరికి గౌరవమును తగ్గలేదు. ఆయన 1844లో తన సిద్ధాంతమును పెద్ద వ్యాసముగా వ్రాసి, తాను అకస్మాత్తుగా మరణించినచో దానిని ప్రచురింపుమని కోరినది ఆమెనే. దానికై 400 పౌనులు కేటాయింపుమని కూడ వ్రాసెను. తన మనస్సునకు నొప్పి కలిగించు గ్రంథమును ఆమె చేతులలోనే ఉంచగలిగెననిన, ఆ దాంపత్యము ఎట్టిదో ఊహింపవచ్చును.

1842లో వారు లండనుకు 16 మైళ్ల దూరమున డౌన్ అను పల్లెలో కాపురము పెట్టిరి. తండ్రి ఇచ్చిన ధనముండుటచే డార్విన్‌కు ఉద్యోగముతో పనిలేకపోయెను. అయితే ఆరోగ్యము చెడి ఆయనను తరచు బాధించుచుండెను. ఇక ఆయన లోకమునకు పోలేదు. లోకమే ఉత్తరముల రూపమున ఆయన ఇంటికి వచ్చెను. ఆయన వ్రాసినవి, ఆయనకు వచ్చినవి కలిపి నేటికి దొరకిన ఉత్తరములు సుమారు 15,000. వానిలో మన తెలుగు నేలతో కొంత సంబంధముగలది ఒకటి కలదు. ఉత్తర సర్కారు జిల్లాలకు కమిషనరుగా పనిచేసి, 1845లో అమరావతి స్తూపమువద్ద త్రవ్వకములు జరిపించిన వాల్టర్ ఎలియట్ దొరకు డార్విన్ 1856లో జాబు వ్రాసి, ఇచ్చటి పెంపుడు పావురముల, కోళ్ల చర్మములను పంపుమని కోరెను. ఎలియట్ పంపిన పక్షులకు డార్విన్ తరువాత తన గ్రంథమున కృతజ్ఞత తెలిపెను.

ఆ ఇంట పదిమంది బిడ్డలు పుట్టిరి. పెద్దకుమారుడు పుట్టినది మొదలు వాని నవ్వు, ఏడుపు, కోపము, భయము ఎప్పుడెప్పుడు ఎట్లు కలుగుచున్నవో తండ్రి వ్రాసిపెట్టెను. ఆ వ్రాతలు ముప్పదియేడేండ్ల తరువాత 1877లో శాస్త్రవ్యాసముగా వెలువడినవి. తుమ్మెదలు ఏ దారిన ఎగురునో కనుగొనుటకు పిల్లలను తోటలో తావు తావున నిలిపి, వచ్చినప్పుడు కేక వేయుమనెడివాడు. సముద్రపు రాళ్లకు అంటుకొని యుండు బార్నకిల్ అను చిన్న జీవులను ఎనిమిదేండ్లు పరీక్షించెను. తండ్రులందరును చేయు పని ఇదియే అనుకొన్న ఒక బిడ్డ, పొరుగింటి ఆయన తన బార్నకిళ్లను ఎక్కడ చేసికొనునని అడిగెనట! ఆయన గ్రంథపు వ్రాతప్రతుల వెనుక పిల్లలు వేసిన బొమ్మలు నేటికిని ఉన్నవి.

ఆ ఆనందముతోపాటు దుఃఖమును వచ్చెను. పెద్దకుమార్తె ఆనీ తండ్రికి ప్రాణము. 1851లో ఆమెకు జబ్బు ముదరగా చికిత్సకై మాల్వెర్న్ పట్టణమునకు తీసికొనిపోయిరి. నిండు గర్భిణియైన తల్లి ఇంటనే ఉండవలసివచ్చెను. తండ్రి బిడ్డ మంచము ప్రక్కన కూర్చుండి దినదినమును భార్యకు జాబులు వ్రాసెను. ఏప్రిల్ 23న పదేండ్ల ఆనీ కన్నుమూసెను. అంత్యక్రియలకు సైతము నిలువక ఆయన భార్యను ఓదార్చుటకు ఇల్లు చేరెను. ఎన్ని ఏండ్లు గడచినను ఆమెను తలచినంతనే ఆయన కన్నులు చెమర్చెడివి. ప్రకృతిలో ఎన్నో ప్రాణులు పుట్టి కొన్నియే మిగులునని ఆయన వ్రాసినదానిని కొందరు కఠినమైన మాట అందురు. ఆ మాట వ్రాసినవాడు ఆ నష్టమును తన ఇంటిలోననే ఎరిగినవాడు.

1858 జూన్ నెలలో రెండు దెబ్బలు ఒకేమారు తగిలెను. ఇరువదేండ్లుగా తాను పదిలపరచుకొన్న సిద్ధాంతమునే ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ తానుగా కనుగొని, మలయా దీవులనుండి ఆయనకే వ్రాసి పంపెను. ఆ దినములలోనే చిన్న కుమారుడు విషజ్వరముతో జూన్ 28న మరణించెను. ఇతరుని కీర్తిని అపహరించుటకంటె తన వ్రాతలను తగులబెట్టుటయే మేలని డార్విన్ తలచెను. మిత్రులు లైయెల్, హుకర్ ఇరువురి వ్రాతలను జూలై 1న లిన్నియన్ సొసైటీలో కలిపి చదివించిరి. డార్విన్ ఆ సభకు పోలేదు. ఆ దినముననే బిడ్డను ఖననము చేసిరి. 1859 నవంబరు 24న జాతుల పుట్టుకను గురించిన ఆయన గ్రంథము వెలువడెను. మొదట అచ్చువేసిన 1,250 ప్రతులకును అంగళ్లవారు వెంటనే గిరాకి చూపిరి.

మేనరికము వలన తన బిడ్డల ఆరోగ్యము చెడినదేమో అను శంక ఆయనను వెంటాడెను. ఆ శంకను మనస్సులో కుములనీయక ఆయన ప్రశ్నగా మార్చెను. స్వజాతి పుప్పొడియే అయినను, అదే పువ్వు పుప్పొడివలన పుట్టిన మొక్కలను, ఇతర మొక్క పుప్పొడివలన పుట్టిన వానిని పక్కపక్కన పెంచి, సంవత్సరములతరబడి కొలిచి, రెండవవియే సాధారణముగా బలమైనవని 1876లో ప్రకటించెను. జనాభాలెక్కలలో ఇట్టి వివాహములను గూర్చి ప్రశ్న చేర్చవలెనని కోరెను, పార్లమెంటు అంగీకరింపలేదు. కుమార్తె హెన్రియెట్టా ఆయన గ్రంథములను దిద్దెను. కుమారుడు ఫ్రాన్సిస్ వృక్షపరిశోధనలలో తోడ్పడెను. వానపాములు ధ్వనిని వినునా అని పరీక్షించునప్పుడు ఎమ్మా పియానో వాయించెను. వానపాములపై గ్రంథము 1881లో వెలువడగా, మరుసటి సంవత్సరము ఏప్రిల్ 19న ఆయన డౌన్‌లోనే మరణించెను. దేహమును లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో రాజులు, పండితులు ఉన్నచోట ఉంచిరి.

విద్యార్థులారా! ఇంట తెలుగును, వీధిలో వేరొక భాషను మాటలాడు మనకు గడప దాటుటయే ప్రతిదినమును ఒక చిన్న దేశాటనము. డార్విన్ పరుల నడుమ పరకాయించి చూచెను. ఇంటికి వచ్చి, చూచినదానిని తనవారి సుఖదుఃఖముల నడుమ తర్కించి తెలిసికొనెను. జెమీ బటన్ కథయును మరువరాదు. ఎంతదూరము పోయినను, ఎన్ని భాషలు నేర్చినను, తిరిగి వచ్చినప్పుడు తల్లితో మాటలాడుటకు మాట మిగిలియుండవలెను. తల్లిదండ్రులకు ఒక మనవి: బిడ్డ దూరము పోదునన్నప్పుడు భయపడుట సహజము. అయినను రాబర్ట్ డార్విన్ వలె తలుపును కొంచెము తెరచియుంచి, ఆ మేనమామ వంటివాని మాట వినుడు. పోయి వచ్చిన బిడ్డ తల ఆకారము మారిననేమి? ఉదయపు ఫలహారమునకు వాడు మన ఇంటికే వచ్చును.